పులస పక్కన కాఓర్ సీసా

నేను ఒక ఎర్ర వైన్‌ని. ఉత్త వైన్‌ని కాదు, ఫ్రాన్సు దేశానికి నైరుతి మూలనున్న కాఓర్ అనే ఊరి పేరు మోస్తున్న వైన్‌ని. గొప్పలు పోతున్నానని మీరనుకుంటే అనుకోండి, చెప్పుకోడానికి ఉంది కాబట్టి చెప్పుకుంటున్నాను. మీ ఊళ్ళో 'వైన్స్' అని ఎర్రక్షరాల బోర్డు కట్టి లోపల బ్రాందీ, విస్కీ, బీరు అమ్ముతుంటారే, ఆ బోర్డు చూసి నేనెవరో మీకు తెలుసనుకోవద్దు. ఆ కొట్లో నేనొక్కదాన్ని తప్ప అన్నీ ఉంటాయి.

నన్ను ఎర్ర వైన్ అంటారు గానీ గ్లాసులో పోసి చూస్తే దాదాపు నలుపే. నల్ల వైన్ అనే పేరు మా వంశానికి వందల ఏళ్ళనుంచీ ఉంది. మాల్బెక్ అనే నల్లద్రాక్ష రసం నాది. ఆ కాయ తొక్కలో వగరు ఎక్కువ. నాజూకు మనుషులు మొదటి గుక్కకే మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. కాకరకాయ ఎప్పుడైనా ఎవరినైనా బతిమాలుకుందా?

మా ఊరిని చుట్టుకుని లాట్ అనే నది పారుతుంది. తిన్నగా పారడం దానికి చేతకాదు. కూతవేటు దూరంలో ఉన్న ఊరికి వెళ్ళడానికి కొండ చుట్టూ తిరిగి తిరిగి పోతుంది. ఆ వంపుల్లో అది వదిలేసిన గులకరాళ్ళ మెట్లమీద మా తోటలు. ఇంకా పైకెక్కితే తెల్లటి సున్నపురాయి నేల, గొర్రెలు, పొట్టి ఓక్ చెట్లు. ఆ రాళ్ళలో మరో పంటైతే దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంది. ద్రాక్ష మాత్రం నీళ్ళకోసం వేళ్ళు లోతుకు దించి, మొండికేసి బతుకుతుంది. నా మొండితనం అక్కణ్ణుంచి వచ్చిందే.

మా పెద్దలు పడ్డ పాట్లు కూడా తక్కువేం కాదు. వెనకటికి పీపాల్లో నింపి పడవలెక్కించి దిగువన బోర్డో రేవుకు పంపేవారు. అక్కడి వర్తకులు ముందు తమ వైన్ ఓడెక్కించుకుని, ఆ తర్వాతే మాకు దారిచ్చేవారు. అందుకే ఇప్పుడు ప్రపంచమంతా బోర్డో పేరు చెప్తుంది, కాఓర్ అంటే ఎక్కడ అని అడుగుతుంది. ఇది చాలదన్నట్టు 1956 ఫిబ్రవరిలో మంచు పడి మా తోటలు చాలామటుకు మాడి మసైపోయాయి. మళ్ళీ నాటారు. మళ్ళీ కాశాం. పోయినవాళ్ళకోసం ఏడుస్తూ కూచునే వంశం కాదు మాది.

నన్ను పుట్టించినావిడ పేరు ఇవెట్. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళు సహకరించకపోయినా తోటలో అడుగుపెట్టని రోజు లేదు. ఆవిడ భర్త ఫ్రెంచి సైన్యంలో సిపాయిగా చేసి పోయాడు. ఆయనకు సైన్యంలో ప్రాణస్నేహితుడు ఒకడుండేవాడు, పెమ్మాడి ధనరాజు అని. పేరు చూసి ఉలిక్కిపడకండి, ఆయన మన యానాం మనిషే. గౌతమి ఒడ్డున ఫ్రెంచివాళ్ళ జెండా ఎగిరిన రోజుల్లో పుట్టి, ఆ జెండా దిగిపోయాక ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకుని సైన్యంలో చేరాడు. పదవీ విరమణ అయ్యాక ఇవెట్ తోటలోనే శీతాకాలం కొమ్మలు కత్తిరించడానికి, శరత్కాలం కాయ కోయడానికి కుదురుకున్నాడు. నా గుత్తిని తీగనుంచి కోసింది ఆయన చెయ్యే. కోస్తూ తెలుగులో ఏదో సణుక్కున్నాడు. నడుం నొప్పి గురించి అనుకుంటాను.

పులిశాను, వడకట్టబడ్డాను, ఓక్ చెక్క పీపాలో ఏడాదిన్నర నోరు మూసుకుని ఉన్నాను. మధ్యలో నిపుణులు అనేవాళ్ళు కొందరు వచ్చారు. నన్ను నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మారు. ఉమ్మి, "చాలా బాగుంది" అన్నారు. మనుషుల మర్యాదలు నాకు ఆ రోజే అర్థమయ్యాయి.

ఇక తిండి సంగతి. నన్ను ఒంటరిగా తాగేవాడు తెలివితక్కువవాడు. నాకు పక్కన పళ్ళెం ఉండాలి, అందులో కొవ్వు ఉండాలి. మా వైపు బాతు కాలిని దాని కొవ్వులోనే సన్నటి సెగమీద గంటలకొద్దీ ఉడికించి, ఆ కొవ్వులోనే జాడీలో నిలవ పెట్టుకుంటారు, మీరు ఆవకాయ పెట్టుకున్నట్టు. తెల్ల చిక్కుడు గింజలు, మాంసం కలిపి మట్టిపాత్రలో వండే కూర ఒకటుంది. గుండ్రటి చిన్న మేకపాల జున్ను ఉంది. వీటన్నిటితో నాకు వియ్యం కుదురుతుంది. నా వగరు కొవ్వును కోస్తుంది, కొవ్వు నా పొగరును అణుస్తుంది. పుల్లటివాటితో, కారంతో, చేపతో నాకు పొసగదు. ఇవెట్ ఈ మాట వచ్చిన ప్రతివాడికీ చెప్పేది. ధనరాజు విని తలూపేవాడు.

డెబ్భై ఏడో ఏట ఆయనకు గోదావరి నీళ్ళమీద మనసు మళ్ళింది. వెళ్ళొస్తానన్నప్పుడు ఇవెట్ ఏడవలేదు. నన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "దీన్ని ఎవరితో పడితే వాళ్ళతో, ఏది పడితే దాంతో తాగకు" అంది. ఆవిడ ప్రేమ అంతవరకే మాటల్లోకి వస్తుంది. ఉన్ని స్వెట్టర్లో చుట్టుకుని, సూట్‌కేసులో పడుకుని, నేను సముద్రాలు దాటాను.

యానాం ఎండ చూసి నాకు గుండె జారిందన్న మాట నిజం. అంత వేడికి వైన్ మూడు నెలల్లో వెనిగర్ అయి ఊరుకుంటుంది. ధనరాజు తెలివైనవాడు. మంచినీళ్ళ కుండ కింద తడిపిన ఇసుక పోస్తారు కదా, ఆ ఇసుకలో గొయ్యి తీసి నన్ను అడ్డంగా పడుకోబెట్టాడు. కుండ చెమ్మతో ఇసుక ఎప్పుడూ చల్లగా ఉండేది. రెండేళ్ళు అక్కడే ఉన్నాను. ఫ్రాన్సులో రాతి నేలమాళిగలు కట్టుకున్నవాళ్ళు విని సిగ్గుపడాలి.

ఊళ్ళో ఆయన్ని సొల్దా గారు అంటారు. సొల్దా అంటే ఫ్రెంచిలో సిపాయి. ఆయనకున్న ఒక్క దగ్గరి చుట్టం మేనల్లుడు త్రిమూర్తులు. రొయ్యల చెరువుల్లో బాగుపడి, గౌతమి గట్టుమీద పాత ఫ్రెంచి భవనం ఒకటి కొని హోటల్ చేస్తున్నాడు. ప్రారంభానికి పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి అతిథులు వస్తున్నారు. మేజాలు వచ్చాయి, కుర్చీలు వచ్చాయి, గోడలకు పసుపురంగు వేశారు. వంటింటి పెత్తనం ఎవరిదో మాత్రం తేలలేదు.

దానికి ఇద్దరు పోటీ. ఒకరు సుహాస్, హైదరాబాద్‌లో హోటల్ కాలేజీలో చదువుకుని, తెల్లకోటు, పొడుగు టోపీతో వచ్చిన కుర్రవాడు. రెండోవారు నూకరత్నం. నలభై అయిదేళ్ళ మనిషి. రేవు దగ్గర పందొమ్మిదేళ్ళు కర్రీ పాయింట్ నడిపింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ బడ్డీ పోయింది. అప్పట్నుంచీ ఎవరింట్లో శుభకార్యమైనా వెళ్ళి వండుతోంది, పేరు మాత్రం కేటరింగ్ వాళ్ళకు పోతోంది. ఈ వంటిల్లు దక్కకపోతే కాకినాడలో ఒక హాస్టల్‌కి వెళ్ళి అంట్లు తోముకోవాలి. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఇద్దరూ ఈ వైన్‌కి నప్పేలా చెరో వంటకం చెయ్యండి. ఎవరిది నెగ్గితే వంటిల్లు వాళ్ళది" అన్నాడు ధనరాజు. త్రిమూర్తులు సరేనన్నాడు. వైన్ సంగతి తెలిసినవాడు ఊళ్ళో ఆయనొక్కడే మరి.

శ్రావణమాసంలో ఒక ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నా బిరడా తీశారు. నాలాంటి మొండిదానికి నాలుగ్గంటలు గాలి తగలాలి. రెండు గ్లాసుల్లో కాస్త కాస్త పోశారు. సుహాస్ గ్లాసు తిప్పాడు, పీల్చాడు, తాగాడు, పుస్తకంలో ఉన్నట్టే నాలుగు పళ్ళపేర్లు చెప్పాడు. తప్పేం చెప్పలేదు పాపం.

నూకరత్నం గ్లాసు ముట్టుకుంది గానీ నోటిదాకా తేలేదు.

"తాగు మరి" అన్నాడు త్రిమూర్తులు.

"రుసి సూడనండి. నేను ఏదీ రుసి సూసి వొండను."

"రుచి చూడకుండా వంటేంటి అక్కా?"

"మా నాయనమ్మ అమ్మవారి జాతరకి వొండేదండి. మేకపోతు మాంసవైనా, కోడైనా, నైవేద్యం ఎట్టే దాకా నాలిక మీద వేత్తే ఎంగిలైపోద్ది. ఆవిరి వాసన బట్టి ఉప్పు సెప్పేది. నేనూ అంతేనండి. తినేవోళ్ళు తిన్నాకే నా నోట్లో ముద్ద."

త్రిమూర్తులు నవ్వాడు. సుహాస్ కూడా నవ్వాడు గానీ కాస్త మర్యాదగా. నాకూ నవ్వొచ్చింది, దాచడమెందుకు. బకెట్లో ఉమ్మేవాళ్ళను చూశాను గానీ, నోటిదాకా రానివ్వనివాళ్ళను చూడలేదు. ఇవాళ నా పరువు ఎవరి చేతిలో పడిందిరా భగవంతుడా అనుకున్నాను.

నూకరత్నం ఎవరి నవ్వూ పట్టించుకోలేదు. అరచేతిలో నాలుగు చుక్కలు వంచుకుంది. పాకం చూసినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వేళ్ళు విడదీసి, మళ్ళీ కలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఒక నిమిషం పైనే అలా నిలబడిపోయింది.

"నేరేడు పండండి," అంది. "పండు లోపలిది కాదు, తొక్క. వాన పడ్డ మన్ను. అడుగున పులుపుంది, పైకి కనపడనివ్వట్లేదు. వేలికి బిగుసుకుంటంది, వగరు జాత్తి. ఇది కొవ్వు అడుగుతందండి."

ధనరాజు కుర్చీలో ముందుకు జరిగాడు. ఇరవై ఏళ్ళు ఇవెట్ నోట విన్న మాట ఫ్రెంచి ముక్క రాని మనిషి నోట విన్నాడు. న్యాయమూర్తి కదా, పోటీ తేలేదాకా ఎవరికీ సలహా ఇవ్వకూడదని ఊరుకున్నాడు.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. వరద నీరు తగిలి గౌతమిలో పులస పడుతున్న రోజులవి. పుస్తెలమ్ముకునైనా పులస తినాలనే గడ్డమీద, దేశంకానిదేశం నుంచి వచ్చిన వైన్‌కి పులస కాక ఇంకేం పెడతారు? త్రిమూర్తులు తెల్లారకుండానే రేవుకు మనిషిని పంపి రెండు చేపలు తెప్పించాడు. "చెరొకటి తీసుకోండి" అన్నాడు, తాంబూలం ఇస్తున్నంత దర్జాగా. నేను సీసాలోనే కొయ్యబారిపోయాను. త్రిమూర్తులు ప్రేమంతా నామీదే, పెట్టబోయేది మాత్రం నా శత్రువుని.

సుహాస్ ఒక్క క్షణం తటపటాయించి, చేప తీసుకున్నాడు.

నూకరత్నం తీసుకోలేదు. "దీనికి సేప పనికిరాదండి."

"పులసా పనికిరానిది?"

"పులసైనా సరేనండి. మా తాత నూలు వలలు గట్టిపడ్డానికి తుమ్మసెక్క కసాయం కాసి ముంచేవోడు. ఆ కసాయం సేత్తో సేప కోత్తే కూరంతా ఇనప కంపు కొట్టేది. ఇందులో వగరూ ఆ సెక్క వగరూ ఒకటేనండి."

"వలలు కట్టే ఇంట్లో పుట్టి పులస వండనంటున్నావా?" త్రిమూర్తులుకు మొహం ఎర్రబడింది. "నా హోటల్లో నా చేప కాదంటే ఇక పోటీ ఏముంది? నీ ఇష్టం. నెగ్గకపోతే మాత్రం నన్నడక్కు."

నూకరత్నం చేపకేసి చూసింది. పులస వండితే యజమాని సంతోషిస్తాడు. వండకపోతే కాకినాడ హాస్టల్. ఎవరైనా ఏం చేస్తారు? ఆవిడ చీర కొంగు నడుముకు దోపుకుని, చేపను పెట్టినచోటే వదిలేసి, బజారుకు నడిచింది.

గంటలో బలిసిన బాతుతో తిరిగొచ్చింది. వంటింట్లో మెరిసే గ్యాస్ పొయ్యిలు వదిలేసి పెరట్లో సరుగుడు కట్టెలు పేర్చింది. బాతు తోలు ముందు వేసి, అది కక్కిన కొవ్వులోనే ఉల్లిపాయ వేయించింది, ముక్కలు వేసింది, మూత పెట్టి సెగ తగ్గించింది. చింతపండు లేదు, టమాటా లేదు. కారం డబ్బా తీసి, ఆగి, ఆలోచించి, అర చెంచా వేసి మూసేసింది. గోదావరి మనిషికి కారం డబ్బా అలా మూయడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. దానికి బదులు మిరియాలు దంచింది, వెల్లుల్లి దంచింది. మధ్యమధ్య మూత తీసి, ఆవిరిలో మొహం పెట్టి వాసన చూసి, చిటికెడు ఉప్పు విదిలించేది. ముద్ద నోట్లో పడింది లేదు. ఓ పక్క మినప్పిండి రుబ్బి గారెలకు సిద్ధం చేసింది.

ఒంటిగంటకు వడ్డించారు. ముందు పులస. సుహాస్ చేతిని మెచ్చుకోవాలి, ఆ పులుసు వాసనకు గోడమీద పిల్లులు కూడా వరసకట్టాయి. ధనరాజు ఒక ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నన్ను ఒక గుక్క తాగాడు. కళ్ళు తెరిచాడు.

"తుప్పు పట్టిన మేకు నాకినట్టుందిరా" అన్నాడు.

త్రిమూర్తులు కూడా ఒక ముద్ద తిని, తాగి చూశాడు. మొహం అష్టవంకర్లు తిరిగింది. "సీసా పాడైపోయింది మావయ్యా. రెండేళ్ళు కుండ కింద పెడితే ఇంకేమవుతుంది? సింకులో పారబోయించెయ్యండి."

నాకు చేతులుంటే ఆ మాటకు చెంప పగలగొట్టేదాన్ని. పులసను తిట్టడానికి వీల్లేదు, తిడితే గోదావరి ఊరుకోదు. కాబట్టి తప్పు నాది. మనుషుల తీర్పులు ఇలాగే ఉంటాయి. త్రిమూర్తులు నా మెడ పట్టుకుని లేచాడు. ఆరు నెలల ఎండ, ఏడాదిన్నర చీకటి, ఇవెట్ మోకాళ్ళు, ధనరాజు నడుం, అన్నీ కలిసి సింకులోకి పోయేలా ఉన్నాయి. ఏడుపొచ్చింది.

"ఆగండి," అంది నూకరత్నం గుమ్మంలోంచి. "దాని తప్పు లేదండి. నా కూరతో ఓ గుక్క తాగి, అప్పుడు పారబొయ్యండి. దాంతోపాటు నన్నూ పంపించెయ్యండి."

గిన్నెలో బాతు ఇగురు, పక్కన పళ్ళెంలో వేడి గారెలు. ధనరాజు గారెను తుంపి ఇగురులో ముంచి తిన్నాడు. నన్ను తాగాడు. మళ్ళీ తిన్నాడు. మళ్ళీ తాగాడు. నా వగరు ఆ కొవ్వుమీద కూచుని కాళ్ళు చాపుకుంది. ఎక్కడా లేని తీపి నాలోంచి పైకి తేలింది, నాకే తెలియని తీపి. మా ఊళ్ళోనే నా జోడీ ఉందనుకుని ఇంతకాలం విర్రవీగానే, కాదు. సరుగుడు పొగ తగిలిన ఈ బాతు నా బాతు. ఒప్పుకోడానికి నాకేం నామోషీ లేదు.

ధనరాజు కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. త్రిమూర్తులు మేనమామ మొహం చూసి, తనూ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, గ్లాసు ఎత్తి, ఖాళీ చేసి దించాడు.

"అదే సీసాయేనా?" అన్నాడు చిన్నగా.

"అదేనండి" అన్నాడు సుహాస్. "చేపతో వద్దని పుస్తకంలో రాసుందండి సార్. మీరు కోప్పడతారని చెప్పలేదు." ఆ కుర్రవాడు తల దించుకోలేదు, నూకరత్నం వైపు చూశాడు. "మేడమ్, చదువుకోకుండానే చెప్పారు."

ఆఖర్న ధనరాజు తన గిన్నె అడుగున మిగిలిన ఇగురు రసంమీద నా చివరి గుక్క వంపి, గిన్నె గుండ్రంగా తిప్పి, రెండు చేతుల్తో ఎత్తి గటగటా తాగేశాడు. త్రిమూర్తులు గాభరాపడ్డాడు. "మావయ్యా, రేపు ఫ్రెంచివాళ్ళ ముందు మాత్రం ఇలా చెయ్యకండి."

"వాళ్ళ తాతలు చేసే పనేరా ఇది. అక్కడ రైతులు సూపు అడుగున వైన్ పోసుకుని ఇలాగే తాగుతారు. వాళ్ళు చూస్తే లేచి కావలించుకుంటారు" అన్నాడు మీసం తుడుచుకుంటూ. "ఆ తాళాలు ఇచ్చెయ్యి."

త్రిమూర్తులు జేబులోంచి వంటింటి తాళాల గుత్తి తీశాడు. ఇచ్చేముందు ఒక్క క్షణం ఆగి, "పులస విషయంలో నువ్వన్నదే నిజం అక్కా" అన్నాడు. యానాంలో ఆ మాట అనడానికి గుండె కావాలి. అతన్ని అప్పుడు క్షమించాను.

అందరూ లేచాక నూకరత్నం వంటింట్లో కింద కూచుని పళ్ళెం పెట్టుకుంది. మిగిలిన రెండు ముక్కలు, ఒక గారె. తాళాలు ఒళ్ళో ఉన్నాయి. ఆ రోజు వండినదాన్ని మొదటిసారి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. మొహం మాడ్చుకుంది.

"సొల్దా గారూ, ఉప్పు ఓ రవ్వ తగ్గిందండి."

"తెలుసు అమ్మాయ్," అన్నాడు ధనరాజు గుమ్మానికి ఆనుకుని. "నోరు విప్పితే మావాడు తాళాలు బిగబడతాడని ఊరుకున్నాను. ఉప్పుదేముంది, రేపు వేసుకుందువుగాని. ఆ ముక్కుని ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాం?"

ఇదంతా జరిగి మూడేళ్ళు. నేను ఇప్పుడు ఉత్త సీసానై, ఆవిడ పొయ్యి పక్కన నువ్వులనూనె పోసుకుని నిలబడి ఉన్నాను. కొత్త వైన్ ఏది వచ్చినా త్రిమూర్తులు ముందు గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వస్తాడు. ఆవిడ వేళ్ళమధ్య రాసి, వాసన చూసి, దానికి ఏం వండాలో చెప్తుంది. సుహాస్ పక్కన నిలబడి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. ఈ మూడేళ్ళలో ఆవిడ ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. నన్ను తాగిన అదృష్టం ధనరాజుది. నన్ను తెలుసుకున్న మనిషి మాత్రం నూకరత్నం.